చేట చెవులకు ఆపరేషన్ కావాలన్నది ఎవరు? ముందు పిల్లల్ని అడగండి

సంపాదకుల వారికి,

వేసవి సెలవులు దగ్గర పడుతున్న కొద్దీ ఒక తరహా ప్రకటనలు ఎక్కువవుతున్నాయి. ముందుకు పొడుచుకొచ్చిన చెవులను గంటలో సరిచేస్తామని, అదే రోజు ఇంటికి పంపిస్తామని, నొప్పి గానీ మచ్చ గానీ ఉండవని, బడులు తెరిచేసరికి మీ పిల్లవాడు నలుగురిలో తలెత్తుకు తిరుగుతాడని వాటి సారాంశం. ప్రభుత్వాసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగంలో పనిచేసి విరమించిన వైద్యురాలిని నేను. ఈ ఆపరేషన్ చేశాను. చేయనని తిప్పి పంపిన సందర్భాలూ ఉన్నాయి. ఇది పనికిమాలిన చికిత్స అని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. తగిన వయసులో, తనంత తాను కోరుకున్న పిల్లకో పిల్లవాడికో, పని తెలిసిన వైద్యుడు చేస్తే ఇది ఎంతో మేలు చేస్తుంది. ఆ మూడు షరతుల్లో మధ్యది, అంటే ఆపరేషన్ కావాలన్న కోరిక ఎవరిదన్నది, ప్రకటనల్లో ఎక్కడా కనబడదు. ఆసుపత్రి గదిలోనూ ఆ ప్రశ్న తరచుగా ఎవరూ వేయరు.

మొదట ఆ చెవుల్లో ఉన్న తేడా ఏమిటో చెప్పాలి. మీ చెవి డిప్పను వేలితో తడిమి చూసుకుంటే, అంచు మడతకు లోపలి వైపున, దానికి సమాంతరంగా మరో మడత కింది నుంచి పైకి వెళ్లి పైన రెండు పాయలుగా చీలడం తెలుస్తుంది. తల్లి గర్భంలో ఈ లోపలి మడత సరిగా ఏర్పడకపోతే డిప్ప పైభాగం వెనక్కి వాలకుండా విప్పుకుని నిలబడుతుంది. కొందరిలో మడత బాగానే ఉన్నా, చెవి రంధ్రం చుట్టూ గిన్నెలా ఉండే భాగం మరీ లోతుగా ఉండి డిప్ప మొత్తాన్ని తలకు దూరంగా నెడుతుంది. రెండూ కలిసినవారూ ఉంటారు, చెవి తమ్మె ఒక్కటే ముందుకు తిరిగినవారూ ఉంటారు. మామూలుగా తలకూ డిప్పకూ మధ్య కోణం 20 నుంచి 30 డిగ్రీల వరకు ఉంటుంది, చెవి అంచు తలకు 2 సెంటీమీటర్ల లోపు దూరంలో ఉంటుంది. అంతకు మించితే చూసేవారి కళ్లు అక్కడ ఆగుతాయి. ఈ చెవులు చాలాసార్లు వంశంలోనే ఉంటాయి. పిల్లవాణ్ణి తీసుకొచ్చిన తండ్రి టోపీ తీస్తే సంగతి అర్థమయ్యే సందర్భాలు తక్కువేమీ కాదు. వినికిడికి మాత్రం దీనితో సంబంధం లేదు. డిప్ప నిక్కి ఉన్నంత మాత్రాన ఎక్కువ వినబడదు, వెనక్కి కుట్టినంత మాత్రాన తక్కువ వినబడదు. డిప్ప మరీ చిన్నదిగా ఉండటం, లేదా అసలు లేకపోవడం వేరే సమస్య. అలాంటి బిడ్డకు చెవి అందం సంగతి తరువాత, ఆలస్యం చేయకుండా వినికిడి పరీక్ష చేయించాలి.

అంటే ఇది జబ్బు కాదు. జబ్బు కానిదానికి పిల్లవాడికి పూర్తి మత్తు ఇచ్చి కత్తి పెట్టాలంటే, దానివల్ల ఆ పిల్లవాడు పడుతున్న బాధ ఒకటి ఉండాలి, ఆ బాధ అతనిదై ఉండాలి. నా అనుభవంలో ఆసుపత్రికి వచ్చేవారిలో చాలామంది తల్లిదండ్రుల బాధతో వచ్చినవారే. తిరుపతిలో తలనీలాలు ఇచ్చి వచ్చిన వారం, పది రోజుల్లో కొన్ని కుటుంబాలు మా గది ముందు నిలబడేవి. గుండు చేయించేదాకా జుట్టు చాటున ఉన్న చెవులు ఒక్కసారిగా బయటపడి, పెద్దవాళ్లకు బెంగ పట్టుకునేది. రెండేళ్ల బిడ్డకు మాత్రం ఆ బెంగ తెలియదు.

ఒకసారి మూడో తరగతి చదివే బాబును తల్లి తీసుకొచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టగానే రెండు చెవులనూ తన చూపుడు వేళ్లతో వెనక్కి నొక్కి పట్టుకుని, "ఇలా ఉంటే చాలండీ, ఇంకేమీ అక్కర్లేదు" అంది. ఆవిడను కాసేపు బయట కూర్చోమని చెప్పి, నీకేం కావాలిరా అని బాబును అడిగాను. పక్కలకు మిషన్ పెట్టించి క్రాఫు కొట్టించుకోవాలని ఉందని, చెవులు కనబడతాయని అమ్మ ఒప్పుకోవడం లేదని చెప్పాడు. అతనికి కావలసింది మంగలి షాపు, నా దగ్గరికి తీసుకొచ్చారు. తల్లిని లోపలికి పిలిచి, ముందు వాడు అడిగిన క్రాఫు కొట్టించండి, వాడికే చెవుల మీద దిగులు పుడితే అప్పుడు రండి అని పంపించాను. ఆవిడకు నా మీద కోపం వచ్చినట్టే ఉంది.

దీనికి పూర్తిగా భిన్నమైన అమ్మాయిని కూడా చూశాను. పదో తరగతి. బడిలో నూనె రాసి, రెండు జడలు మడిచి, రిబ్బన్లు కట్టుకుని రావాలన్నది నియమం; ఆ జడల మధ్య చెవులు దాచుకోవడానికి చోటు ఉండదు. ఆ అమ్మాయి రెండు వైపులా అంటుకునే టేపు ముక్కలతో రోజూ పొద్దున్నే చెవులను తలకు అంటించుకుని, సాయంత్రం పీకేసేది. చెవి వెనక చర్మం ఒలిచినట్టయి, చీము పట్టాక ఇంట్లో చెప్పింది. తల్లిదండ్రులు పుండు మానడానికి మందు కోసం వచ్చారు. ఆపరేషన్ మాట ఎత్తింది ఆ అమ్మాయే. మచ్చ ఎక్కడ పడుతుంది, ఎన్నాళ్లు కట్టు ఉంచాలి, పరీక్షల తరువాత చేయించుకుంటే జూనియర్ కాలేజీలో చేరేనాటికి మానుతుందా అని వరసగా అడిగింది. అలాంటి చోట వైద్యురాలు వెనకాడటానికి కారణం లేదు.

బడిలో వెక్కిరించేవాళ్లను సరిచేయాలి గానీ వెక్కిరింపు పడేవాళ్ల చెవులను కోయడమేమిటని కొందరు మిత్రులు నాతో వాదిస్తారు. ఆ మాటలో న్యాయం ఉంది. చేట చెవులని, ఏనుగని పేర్లు పెట్టడాన్ని ఉపాధ్యాయులు చాలామంది పిల్లల ఆటగా వదిలేస్తారు. ఒకరిద్దరు ఉపాధ్యాయులే పేర్లు పెట్టిన ఉదంతాలు నాకు తెలుసు. వినాయకుడికి కూడా అలాంటివే కదా అని ఇంట్లో సముదాయించడం ఐదేళ్ల బిడ్డకు పనిచేస్తుంది, పన్నెండేళ్ల బిడ్డకు చేయదు. బడిని మార్చే ప్రయత్నం తప్పకుండా జరగాలి. కానీ ఎనిమిదో తరగతి పిల్ల బాల్యం ఆ ప్రయత్నం ఫలించేదాకా ఆగదు కాబట్టి, తనంత తాను అడిగిన బిడ్డకు సిద్ధాంతం చెప్పి పంపడం నాకు సబబుగా తోచలేదు. అడగని బిడ్డకు చెవులు లోపమని నేర్పడం అంతకన్నా తప్పు.

వయసు విషయంలో వైద్యులు సాధారణంగా ఐదారేళ్లు దాటాలంటారు. అప్పటికి చెవి పెద్దవాళ్ల చెవి పరిమాణంలో దాదాపు 85 నుంచి 90 శాతానికి చేరుకుంటుంది, డిప్పలోని మెత్తని ఎముక, అంటే మృదులాస్థి, కుట్టును నిలుపుకునేంత గట్టిపడుతుంది, కట్టు పీకకూడదంటే వినే బుద్ధి వస్తుంది. పిల్లలు తమ రూపాన్ని ఇతరులతో పోల్చుకోవడం మొదలుపెట్టేదీ ఆ వయసులోనే. ఐదేళ్లు నిండగానే చేయించాలని దీని అర్థం కాదు. పదేళ్లకైనా, ఇరవై ఏళ్లకైనా, నలభై ఏళ్లకైనా చేయవచ్చు. ఈ ఆపరేషన్‌కు గడువు తీరిపోవడమంటూ లేదు కాబట్టి, ఈ సెలవుల్లోనే చేయించకపోతే ఆలస్యమైపోతుందన్న ప్రచారాన్ని నమ్మనవసరం లేదు.

నిజంగా గడువున్న చికిత్స మరొకటి ఉంది. దాన్ని మాత్రం మన ప్రసూతి వార్డుల్లో దాదాపు ఎవరూ ప్రస్తావించరు. పుట్టిన కొద్ది వారాల వరకు తల్లి నుంచి వచ్చిన ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ప్రభావం వల్ల బిడ్డ చెవి మృదులాస్థి మెత్తగా, చెప్పినట్టు వినేదిగా ఉంటుంది. ఆ రోజుల్లో మెత్తని గొట్టం తొడిగిన సన్నని తీగను డిప్ప మడతలో అమర్చి, చర్మానికి హాని చేయని టేపుతో పట్టి ఉంచితే, కొన్ని వారాల్లో మడత ఏర్పడి చాలామందిలో నిలిచిపోతుంది. కత్తి లేదు, మత్తు లేదు. 1980ల నుంచి జపాన్ వైద్యులు ఈ పద్ధతిని శ్రద్ధగా వాడి ఫలితాలు ప్రకటించారు. మొదటి రెండు, మూడు వారాల్లో మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. నెలలు గడిచే కొద్దీ ఆశ తగ్గుతుంది. అయితే కొందరు బిడ్డలకు పుట్టినప్పుడు బాగానే ఉన్న చెవులు మొదటి ఏడాదిలో క్రమంగా ముందుకు వస్తాయి, వారికి ఈ దారి అందదు. పురుడు పోసిన ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేముందు కాళ్లూ చేతులూ, అంగుడీ చూసినట్టే చెవి డిప్పల మీద కూడా ఒక చూపు వేయడానికి అర నిమిషం పడుతుంది.

మన ఇళ్లలో బిడ్డకు తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు వేసే పెద్దలు, చెవులు తలకు అణిగి ఉండాలని గుడ్డ కట్టడం కూడా చూశాను. మొదటి వారాల్లో చెవిని మలచవచ్చన్న వారి ఊహలో నిజం లేకపోలేదు, కానీ డిప్పను తలకు అణిచి కట్టినంత మాత్రాన లోపలి మడత పుట్టదు, పైగా గాలాడక చర్మం పాసిపోతుంది. ఏడాది దాటిన బిడ్డకు గుడ్డ కట్టినా టోపీ పెట్టినా ప్రయోజనం శూన్యం. సందర్భం వచ్చింది కాబట్టి మరో మాట: నీళ్లు పోసేటప్పుడు పసిబిడ్డ చెవుల్లో నూనె పోయడం, నోటితో ఊదడం దయచేసి మానండి. ముప్పై ఏళ్ల కిందట చెప్పిన ఈ మాటనే ఇప్పటికీ చెప్పాల్సి వస్తోంది.

ఇక ఆపరేషన్ సంగతి. దీన్ని ప్రాచీన భారతీయ విద్యగా చూపిస్తూ సుశ్రుతుడి బొమ్మ వేస్తున్న ప్రకటనలు కొన్ని నా కంటపడ్డాయి. సుశ్రుత సంహితలో చెప్పిన పదిహేను పద్ధతులు తెగిన, సాగిన చెవి తమ్మెలను అతికించడానికి సంబంధించినవి. బరువైన కమ్మలకు తమ్మె తెగి వచ్చే మన పల్లెటూరి ఆడవాళ్లకు నేటికీ అదే తరహా చికిత్స చేస్తున్నాం. నిక్కిన చెవులను వెనక్కి తెచ్చే చికిత్స చరిత్ర వేరు. న్యూయార్క్‌లో ఈలీ అనే వైద్యుడు 1881లో దీన్ని ప్రకటించాడు. అప్పట్లో చర్మాన్నీ, కొంత మృదులాస్థినీ కోసి తీసేసేవారు. అసలు లోటు లోపలి మడతలో ఉందని 1910లో లకెట్ గుర్తించాక దృష్టి మారింది. స్కాట్లాండ్‌లో పనిచేసిన ముస్టార్డే 1963లో మృదులాస్థిని కోయకుండా, వెనక నుంచి శాశ్వతమైన దారంతో కుట్లు బిగించి మడత తెప్పించే పద్ధతిని ప్రచురించాడు. లోతైన గిన్నె భాగాన్ని చెవి వెనక ఎముక పొరకు కుట్టే పద్ధతిని 1968లో అమెరికా వైద్యుడు ఫర్నస్ వివరించాడు. ఈనాడు చేసేవాటిలో ఎక్కువ భాగం ఈ రెండింటి కలయికలే. పెద్దవాళ్లలో మృదులాస్థి బిరుసెక్కి ఉంటుంది కనుక దాన్ని ఒక వైపు గీరి మెత్తబరచవలసి రావచ్చు. పెద్దలకు సాధారణంగా చెవి చుట్టూ మాత్రమే మత్తు ఇస్తాం. నొప్పి తెలియదు గానీ గీరుతున్న చప్పుడు లోపలి నుంచి పెద్దగా వినిపిస్తుంది, చేస్తున్నది చెవికే కదా. ఈ మాట ముందుగా చెప్పకపోతే మనిషి బల్ల మీద బెదిరిపోతాడు.

కోత చెవి వెనక పడుతుంది. అందుకే మచ్చ ఉండదని ప్రకటనల్లో రాస్తున్నారు, అది నిజం కాదు. మచ్చ ఉంటుంది, చాలామందిలో సన్నని గీతగా మారి కనబడకుండా పోతుంది. మన ఛాయ చర్మంలో కొందరికి గాయం మానాక మచ్చ గడ్డలా పెరుగుతూ పోయే కీలాయిడ్ వచ్చే అవకాశం ఉంది, చెవి దానికి ఇష్టమైన చోటు. చెవులు కుట్టించిన చోట గడ్డ లేచిన పిల్లలకు, తల్లికో అక్కకో అలాంటి గడ్డలున్నవారికి ఈ ఆపరేషన్ చేసేముందు వైద్యుడు పదిసార్లు ఆలోచించాలి. ఆ ప్రశ్న అడగకుండానే తేదీ ఇచ్చే చోటి నుంచి లేచి వచ్చేయడం మేలు.

రెండు చెవులకు గంట నుంచి రెండు గంటల సమయం పడుతుంది, అదే రోజు ఇంటికి పంపడమూ జరుగుతుంది. కథ అసలు మొదలయ్యేది అక్కడే. తల చుట్టూ కట్టు దాదాపు వారం రోజులుంటుంది. తరువాత నిద్రలో చెవి దిండుకు తగిలి ముందుకు మడవకుండా నాలుగు నుంచి ఆరు వారాలు రాత్రిపూట పట్టీ పెట్టుకోవాలి. మన ఎండాకాలంలో, కరెంటు పోయిన రాత్రి, తల చుట్టూ పట్టీతో పిల్లవాణ్ణి పడుకోబెట్టడం ఎంత కష్టమో తల్లులకు వేరే చెప్పనక్కర్లేదు. వేసవి సెలవులే ఇందుకు మంచి కాలమన్న ప్రచారాన్ని నేను ఒప్పుకోనిది ఇందువల్లే. దసరా సెలవులో, సంక్రాంతి ముందర రోజులో నయం.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన ప్రమాద సూచన ఒకటుంది. ఆపరేషన్ తరువాత మొదటి ఒకటి రెండు రోజుల్లో ఒక చెవిలో మాత్రమే నొప్పి అంతకంతకూ పెరుగుతుంటే, మాత్ర వేసి పడుకోబెట్టకూడదు. చర్మం కింద రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అర్ధరాత్రి అయినా కట్టు విప్పి చూడాల్సిందే. ఆలస్యమైతే మృదులాస్థికి పోషణ అందదు. నాలుగైదు రోజుల తరువాత డిప్ప ఎర్రబడి, వేడెక్కి, ముట్టుకోనివ్వకపోతే అది ఇన్ఫెక్షన్. నిర్లక్ష్యం చేస్తే డిప్ప ముడుచుకుపోయి, ఉన్న రూపం కూడా పోతుంది. ఇలాంటివి అరుదే. కానీ శుక్రవారం ఆపరేషన్ చేసి శనివారం మరో ఊరి క్లినిక్‌కు వెళ్లిపోయే వైద్యుడి దగ్గర చేయించుకుంటే, ఆ రాత్రి కట్టు ఎవరు విప్పుతారు? ఇవి కాక నెలల తరువాత కుట్టు దారం చర్మం లోంచి పొడుచుకు రావడం, కొంత కాలం తిమ్మిరి ఉండటం, చెవి మళ్లీ కొంత ముందుకు రావడం వంటివి ఎదురుకావచ్చు. కొద్దిమందికి రెండోసారి చేయాల్సి వస్తుంది. రెండు చెవుల మధ్య రెండు, మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటే దాన్ని లోపంగా లెక్కించరు, పుట్టుకతో బాగున్న చెవుల్లోనూ అంత తేడా ఉంటుంది. చెవులు తలకు అంటుకుపోయినట్టు చేయడమూ మంచి పనితనం కాదు.

పెద్దవాళ్లలో నేను ఎక్కువగా చూసింది పెళ్లి తొందర. ముహూర్తానికి నాలుగు వారాలుందనగా ఒక అమ్మాయిని తీసుకొచ్చి, ఈలోపు చెవులు సరిచేయమన్నారు. పెళ్లినాడు ఆ చెవులకు బుట్టలు, వాటి బరువు మోయడానికి మాటీలు, పైన చెంపసరాలు పెడతారు. లోపల కుట్లు ఇంకా కుదురుకోని చెవి మీద అంత బరువు వేయడానికి వీల్లేదని చెప్పాను. చేయించుకోదలచుకుంటే కనీసం మూడు నెలలు ముందుగా రావాలి. ఆ అమ్మాయి ఉద్దేశం ఏమిటని అడిగితే, మాట్లాడింది మేనత్త. పద్దెనిమిదేళ్లు దాటిన మనిషి సంతకం ఆమెదే, కోరిక కూడా ఆమెదే కావాలి. ఏళ్ల తరబడి జుట్టు పైకి ముడవలేకపోయిన ఒక బ్యాంకు ఉద్యోగిని నలభై దాటాక ఒంటరిగా వచ్చి చేయించుకుని వెళ్లింది. నా సర్వీసులో అంత తృప్తి పడిన మనుషుల్ని తక్కువగా చూశాను.

ఎవరి దగ్గర చేయించుకోవాలన్నది చివరికి తల్లిదండ్రులు అడిగే ప్రశ్న. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ, అంటే ఆ విభాగపు ఉన్నత పట్టా, చేసినవారు, ఈ పనిలో శిక్షణ పొందిన చెవి, ముక్కు, గొంతు శస్త్రవైద్యులు చేయవచ్చు. జుట్టు నాటే చికిత్సల గురించి 2022లో జాతీయ వైద్య కమిషన్ మార్గదర్శకాలు ఇస్తూ, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసినంత మాత్రాన సౌందర్య చికిత్సలు చేసేంత శిక్షణ పొందినట్టు కాదని స్పష్టం చేసింది. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, విశాఖపట్నంలో కింగ్ జార్జ్ ఆసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. ప్రకటన చూసి డబ్బు కట్టేముందు అక్కడ ఓపీలో ఒక అభిప్రాయం తీసుకోవడంలో నష్టం లేదు. పత్రికలకు కూడా ఒక విన్నపం. వైద్యులు ప్రకటనలతో రోగులను ఆకర్షించడాన్ని 2002 నాటి వైద్య నైతిక నియమావళి తప్పుపట్టింది. పిల్లల ముఖాలతో "ముందు, తరువాత" ఫొటోలు వేసే ప్రకటనలనైనా దయచేసి తీసుకోకండి. తల్లిదండ్రులు ఒప్పుకున్నా, ఆ ఫొటో పెద్దయ్యాక ఆ పిల్లవాడి వెంట పడుతుంది.

ప్రభుత్వం తేల్చవలసిన సంగతి ఒకటి మిగిలింది. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది, సౌందర్యం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీకి లేదు. అయితే పుట్టుకతో వచ్చిన లోపాలను, ఎదుగుదలలో వచ్చిన తేడాలను సరిచేయడానికి చేసేవాటికి ఆ మినహాయింపు వర్తిస్తుందని 2017 నాటి నోటిఫికేషనే చెబుతోంది. చెవి మడత ఏర్పడకపోవడం పుట్టుకతో వచ్చినదే కదా అని వాదించే అవకాశం ఉన్నా, బిల్లులో "కాస్మెటిక్" అని రాయగానే పన్ను పడుతుంది. ఇక ఆరోగ్య బీమా పాలసీలు ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తరువాత చేసే పునర్నిర్మాణానికి, ఆరోగ్యానికి తక్షణ ముప్పును తొలగించే చికిత్సకు తప్ప రూపం మార్చే సర్జరీకి డబ్బు ఇవ్వవు. క్లెయిమ్ వస్తుందని క్లినిక్ కౌంటర్‌లో చెప్పిన మాట నమ్మి అప్పు చేసి, తరువాత తిరస్కరణ ఉత్తరం పట్టుకుని నా దగ్గరికి సలహాకు వచ్చిన కుటుంబాలున్నాయి. తనంత తాను కోరుకున్న పిల్లలకు చేసే ఈ చికిత్సను పన్ను అధికారులు దేని కింద లెక్కిస్తారో ఒక వివరణ ఇవ్వాలి. ఆసుపత్రులు బీమా వర్తించదన్న మాటను అడ్మిషన్‌కు ముందే కాగితం మీద రాసి ఇవ్వాలి.

ఇట్లు,
విశ్రాంత చెవి, ముక్కు, గొంతు వైద్యురాలు,
రాజమహేంద్రవరం